విడవకుండా వస్తున్న ఆ ఇద్దరినీ అడిగారా?

ప్రశ్న: ఆఫీసు ఉద్యోగం మానేసి రేకీ (చేతుల ద్వారా శక్తిని పంపుతామనే పద్ధతి), రిఫ్లెక్సాలజీ (పాదాల్లో కొన్ని చోట్ల ఒత్తే పద్ధతి), శ్వాస సాధన నేర్చుకున్నాను. సొంతంగా హీలింగ్ సెషన్లు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. మొదట్లో స్నేహితులు, చుట్టాలు, వాళ్లు చెప్పినవాళ్లు బాగానే వచ్చారు. చాలామందికి ఉచితంగానే చేశాను. "ఎంత హాయిగా ఉందో" అంటూ వెళ్లినవాళ్లు మళ్లీ కనిపించలేదు. విడవకుండా వస్తున్నది ఇద్దరే, ఇద్దరూ నిద్ర పట్టక వచ్చినవాళ్లు. రోజూ పోస్టులు పెడుతున్నాను, రీల్స్ చేస్తున్నాను. ఫాలోవర్లు రెండువేలు దాటారు కానీ ఫోన్లు రావు. మొన్న ఒకాయన ఫోన్ చేసి "షుగర్ మాత్రలు మానేసి మీ దగ్గర చేయించుకుంటే తగ్గుతుందా?" అని అడిగితే "ప్రయత్నిద్దాం" అన్నాను. తర్వాత భయం వేసింది. ఆయన కూడా రాలేదు. కొత్త క్లయింట్ల కోసం డిస్కౌంట్ ప్యాకేజీలు పెట్టనా? ఇంకో సర్టిఫికెట్ కోర్సు చేయనా? పాత ఆఫీసువాళ్లు వారానికి మూడు రోజులు రమ్మంటున్నారు. వెళ్తే ఓడిపోయినట్టే కదా?

— ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ షుగర్ మాత్రల ఆయన సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ ఆ తర్వాతే. ఆయన నంబరు మీ ఫోన్‌లో ఉండే ఉంటుంది. ఇవాళే ఫోన్ చేసి, "ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేదండీ. మాత్రలు మానొద్దు. తగ్గించాలన్నా డాక్టర్ చెప్తేనే తగ్గించండి" అని చెప్పండి. ఆయన మీ దగ్గరికి వస్తాడా రాడా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. 2018లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. నయం చేయగల దశలోనే క్యాన్సర్ బయటపడినా ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఏదీ వద్దనుకుని కేవలం ప్రత్యామ్నాయ వైద్యాన్ని నమ్ముకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చి చూశారు. మొదటివాళ్లకు మరణం ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అలాంటివాళ్లకు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు "ప్రయత్నిద్దాం" అనే ఉంటారు. మీకు భయం వేసిందని రాశారు చూడండి, ఆ భయాన్ని దగ్గర పెట్టుకోండి. క్లయింట్లను తెచ్చిపెట్టడంలో కూడా దానికి పెద్ద పాత్రే ఉంది, ఎలాగో కాసేపట్లో చెప్తాను.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన మాటను మీరు ఏదో దారిలో తగిలినట్టు అనేసి వెళ్లిపోయారు. విడవకుండా వస్తున్నది ఇద్దరే, ఇద్దరూ నిద్ర పట్టనివాళ్లే అన్నారు. వాళ్లెందుకు వస్తున్నారో అడిగారా? ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టుంది మీ రెండువేల ఫాలోవర్ల సంగతి. వాళ్లను కాసేపు వదిలేయండి. ఈ ఇద్దరినీ అడగండి.

"బాగుందా?" అని అడిగితే "బాగుందండీ" అంటారు, అక్కడితో అయిపోతుంది. సెషన్ ముగిశాక, హడావిడి లేని రోజు చూసుకుని ఇలా అడగండి: "మొదటిసారి నాకు ఫోన్ చేసిన రోజున ఏం జరిగింది? అంతకు ముందు ఏమేం చేసి చూశారు? ఇక్కడికి రావడం మొదలయ్యాక మీ రోజులో ఏం మారింది? నా గురించి ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పారు?" ఆఖరి ప్రశ్న మాత్రం మర్చిపోకండి. మీరు చేసే పనిని మీకంటే సులువుగా, రెండు ముక్కల్లో చెప్పగలిగేది వాళ్లే. జవాబులు వాళ్ల మాటల్లోనే, దిద్దకుండా, నోట్‌బుక్‌లో రాసుకోండి. "రెండింటికల్లా మెలకువ వచ్చేస్తుంది, ఇక తెల్లారేదాకా గడియారం చూస్తూ పడుకోవడమే" అని ఒకావిడ అన్నారనుకోండి, దాన్ని అలాగే రాయండి. "నిద్రలేమి" అని మార్చకండి. ఎక్కడో ఇంకొకరు ఇదే రాత్రిని గడుపుతున్నారు. ఆ మాట చూడగానే "అరె, ఇది నా సంగతే" అనుకునేది వాళ్లు.

మీరు ఉత్తరంతో జతచేసిన పరిచయ పత్రం చదివాను. "శరీరం, మనసు, ఆత్మల సమగ్ర సమన్వయం ద్వారా మీ అంతర్గత శక్తి కేంద్రాలను జాగృతం చేసి..." అని మొదలవుతుంది. ఈ రంగం కాస్తో కూస్తో తెలిసిన నాకే, చదివాక, మీ గదిలోకి వస్తే ఏం జరుగుతుందో అర్థం కాలేదు. ఆ తర్వాత రెండు పేరాలు చరిత్ర. జపాన్‌లో మికావో ఉసుయి 1922లో రేకీ మొదలుపెట్టడం, అమెరికాలో యూనిస్ ఇంగమ్ 1930లలో పాదాల పటం గీయడం. నిజమే, ఆసక్తికరమే. కానీ నిద్ర పట్టక రాత్రి రెండింటికి ఫోన్ చేతిలోకి తీసుకున్న మనిషికి ఉసుయి ఎవరైతే ఏంటి?

ఆ మనిషికి కావలసినవి వేరే ఉంటాయి. గదిలోకి వెళ్తే ఏం చేస్తారు, బట్టలు మార్చుకోవాలా, నొప్పి పుడుతుందా, నాకు నమ్మకం లేకపోయినా రావొచ్చా, వెళ్లగానే పెద్ద ప్యాకేజీ అంటగడతారా, నా మందులు మానమంటారా? ఇవన్నీ మనసులో పెట్టుకునే ఫోన్ చేయకుండా ఉండిపోతారు. వాటికి జవాబులు మీ పత్రంలో ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

"రాత్రి మధ్యలో మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టనివాళ్లతో పనిచేస్తాను. సెషన్ గంటసేపు. మొదటి పదిహేను నిమిషాలు మీరు చెప్పేది వింటాను. తర్వాత మీరు వేసుకొచ్చిన బట్టలతోనే పడుకుంటారు. పాదాల మీద మెల్లగా ఒత్తుతాను, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నేర్పుతాను. ఇంటి దగ్గర చేసుకోవడానికి ఒకే ఒక్క సాధన ఇచ్చి పంపుతాను. ఇది డాక్టర్ చికిత్సకు తోడుగా ఉండేది. మీ మందుల్లో నేను వేలు పెట్టను."

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. ఫోన్ చేయడానికి భయపడాల్సినదీ ఏమీ లేదు.

ఒక్క నిద్ర గురించే చెబితే నడుంనొప్పివాళ్లు, దిగులుతో ఉన్నవాళ్లు రాకుండా పోతారేమోనని మీకు అనిపిస్తుంది. అందరికీ అన్నీ చేస్తానని ఏడాదిన్నర చెప్పారు కదా, ఎవరొచ్చారు? నిద్ర కోసం వచ్చినావిడే కొన్నాళ్లకు "మా అక్కకు మెడ పట్టేసింది, చూస్తారా?" అంటుంది. లోపలికి రావడానికి ఒక వాకిలి చాలు.

అయితే నిద్ర పేరు చెప్పుకున్నాక నిద్ర గురించి తెలిసి ఉండాలి. ఎన్నాళ్లగానో పీడిస్తున్న నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అనే ఒక మానసిక చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. పడుకునే వేళలు, మంచం మీద మెలకువగా గడిపే సమయం, నిద్ర గురించిన ఆందోళన, ఇలాంటివాటి మీద పనిచేస్తుందది. మీరు దాన్ని చేయనక్కర్లేదు, చేయగలిగినవాళ్లు ఎవరో తెలిసి ఉంటే చాలు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచే మనిషికి స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. ఆ మనిషి పాదాలు ఎన్ని వారాలు నొక్కినా ఉపయోగం లేదు, పరీక్షకు పంపాలి. ఇలా నలుగురిని పంపిన హీలర్‌కు వచ్చే పేరు ఏ పోస్టుతోనూ రాదు.

ఇప్పుడు "ఎంత హాయిగా ఉందో" అని వెళ్లిపోయినవాళ్ల దగ్గరికొద్దాం. కొత్తవాళ్ల కోసం వెతికే ముందు ఈ చిల్లు పూడ్చాలి. మీ గదిలో ఏం జరుగుతోందో నేను ఊహించగలను. సెషన్ అయిపోతుంది. ఆవిడ లేచి కూర్చుని, జుట్టు సర్దుకుని, ఆ మాట అంటుంది. మీరు మంచినీళ్లిస్తారు. "ఎప్పుడైనా ఇబ్బందిగా ఉంటే రండి" అంటారు. ఆవిడ తలూపి, చెప్పులేసుకుని వెళ్లిపోతుంది. "ఎప్పుడైనా" అనే రోజు ఏ క్యాలెండర్‌లోనూ ఉండదమ్మా. ఆవిడకు మీమీద చెడు అభిప్రాయం లేదు. మళ్లీ రావాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ చోట ఇలా అనండి: "మీరు చెప్పింది మధ్యరాత్రి మెలకువ గురించి. అది ఇవాళ ఒక్కరోజుతో పోయేది కాదు. వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు చూద్దాం. రాత్రి ఎన్నిసార్లు లేచారో రోజూ పొద్దున్నే ఒక కాగితం మీద రాసిపెట్టండి. నాలుగో వారానికి తేడా కనిపించకపోతే నేనే ఆపేద్దామంటాను, డాక్టర్‌ని కలవమంటాను. వచ్చే గురువారం ఇదే టైమ్ కుదురుతుందా?" అంటగడుతున్నట్టు ఉంటుందని మొహమాటపడకండి. ఎక్కడ ఆపాలో కూడా ముందే చెప్పిన మనిషిని ఎవరూ అలా అనుకోరు. ఆ కాగితం మీకూ మంచిదే. మీ పని వల్ల ఏమైనా జరుగుతోందా లేదా అన్నది ఇద్దరూ చూసుకోవచ్చు. వెళ్లిపోయినవాళ్లకు కూడా ఒక్కొక్కరికి విడిగా మెసేజ్ పెట్టండి. అందరికీ ఒకే ఫార్వర్డ్ పంపకండి, వాళ్లు ఆ రోజు ఏ ఇబ్బంది చెప్పారో అది గుర్తు చేసి, ఇప్పుడెలా ఉందని అడగండి. జవాబివ్వనివాళ్లను మళ్లీ కదిలించొద్దు.

పైన రాసిన నమూనాలో వినడానికి పదిహేను నిమిషాలు పెట్టాను. దాన్ని మాత్రం ఎంత రద్దీ వచ్చినా తగ్గించకండి. 1984లో ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నట్టు తేలింది. అలాంటి చోట్ల తిరిగి తిరిగి మీ దగ్గరికి వస్తారు జనం. ఇంకో అధ్యయనం 2008లో హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్చక్ బృందం చేసింది. పేగుల సమస్య ఉన్న 262 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపును ఊరికే వేచి ఉండమన్నారు. రెండో గుంపుకు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ చేశారు, మాటలు అంతంత మాత్రమే. మూడో గుంపుకూ అదే ఉత్తుత్తి సూది, కానీ మొదటి రోజు నలభై అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, ఆప్యాయంగా మాట్లాడి, చెప్పింది విన్నారు. మూడు వారాలయ్యాక తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు మొదటి గుంపులో 28 శాతం, రెండో గుంపులో 44, మూడో గుంపులో 62.

ఈ అంకెలు మన వృత్తిలోవాళ్లకు తీపీ చేదూ రెండూ. సూది ఉత్తిదే, మనిషి చూపిన శ్రద్ధ నిజం. మీ చేతుల్లోంచి శక్తి ప్రవహిస్తోందని నిరూపించే పనిలోకి మాత్రం దిగకండి. ఎమిలీ రోసా అనే అమ్మాయి తొమ్మిదేళ్ల వయసులో ఒక ప్రయోగం చేసింది. థెరప్యూటిక్ టచ్ అంటే ఒంటిని తాకకుండానే మనిషి శక్తిని చేతులతో పసిగడతామనే పద్ధతి. అట్ట అడ్డం పెట్టి, ఆ వెనక నుంచి 21 మంది థెరప్యూటిక్ టచ్ హీలర్ల చేతుల్లో ఏదో ఒకదానిపైన, తాకకుండా, తన చెయ్యి ఉంచి, ఏ చేతిపైనో చెప్పమంది. సరైన జవాబులు 44 శాతం, బొమ్మా బొరుసూ వేసినా సగం రావాలి. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అది అచ్చయింది. మిమ్మల్ని ఎవరైనా వాదనకు పిలిస్తే "నేను చేసేది విశ్రాంతి, స్పర్శ, ఊపిరి, వినడం. అది కొందరికి నిద్రలో సాయపడుతోంది" అని చెప్పి ఊరుకోండి. మీరు నిలబడి చెప్పగలిగినంతే చెప్పండి. నమ్మనివాళ్లు కూడా అంతవరకు కాదనరు, వాళ్లలో కొందరికి నిద్ర కూడా పట్టదు మరి.

కొత్తవాళ్లు ఎవరి నోటి ద్వారా వస్తారు? మీరు మొదట దగ్గరివాళ్లందరినీ పిలిచారు, ఆ చుట్టు అయిపోయింది. దగ్గరివాళ్లకు తెలిసిన మనుషులు మీకూ తెలిసినవాళ్లే అయి ఉంటారు. 1973లో మార్క్ గ్రానోవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారని అడిగారు. తరచుగా అన్నవాళ్లు 16.7 శాతమే. తక్కినవాళ్లంతా అప్పుడప్పుడూ, లేదా ఎప్పుడో ఒకసారి కలిసే మనిషి ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నారు. మీ విషయంలో ఆ మనుషులు పాత సహోద్యోగులు, కోర్సులో పక్కన కూర్చున్నవాళ్లు, ఏడాదికోసారి పలకరించుకునే క్లాస్‌మేట్లు. వాళ్లకు "హీలింగ్ మొదలుపెట్టాను, చెప్పండి" అంటే ఎవరికి చెప్పాలో వాళ్లకు తోచదు. "మధ్యరాత్రి లేచి కూర్చునేవాళ్లు ఎవరైనా మీ ఎరుకలో ఉంటే ఇది పంపండి" అంటే ఒక మొహం గుర్తొస్తుంది.

మీ ఇద్దరు క్లయింట్లను కూడా ఇలాగే అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు. అడిగే సమయం ముఖ్యం, "ఈ వారం రెండు రాత్రులు తెల్లారేదాకా పడుకున్నాను" అని వాళ్లంతట వాళ్లు చెప్పిన రోజున అడగండి. కమీషన్లు, "ఒకర్ని తెస్తే ఒకటి ఫ్రీ" లాంటివి వద్దు. వాటివల్ల ఆవిడ తన స్నేహితురాలి దగ్గర బ్రోకర్ అయిపోతుంది. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. ఎవరి కథనైనా, పేరు తీసేసినా సరే, వాళ్లను అడక్కుండా పోస్టు చేయకండి.

ఇందాక మీ భయం క్లయింట్లను తెస్తుందన్నాను. డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, సైకాలజిస్టులు మన దగ్గరికి మనుషుల్ని ఎందుకు పంపరో తెలుసా? మందులు మాన్పిస్తామని, పంపాల్సిన కేసును దగ్గరే పెట్టుకుంటామని. అది ఊరికే పుట్టిన అనుమానం కాదు. కాబట్టి ముందు ఒక పేజీ ఫారం తయారు చేసుకోండి. మొదటి సెషన్‌కు ముందు ఏ మందులు వాడుతున్నారు, ఏ ఆపరేషన్లు అయ్యాయి, గర్భవతా అన్నవి అందులో ఉండాలి. ఏవి చూస్తే సెషన్ చేయకుండా పంపించేస్తారో కూడా రాసిపెట్టుకోండి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ కాలు నొక్కితే గడ్డ కదిలి ప్రాణం మీదికి రావొచ్చు. ఛాతీలో నొప్పి, కారణం తెలియకుండా బరువు తగ్గిపోవడం, కొత్తగా తగిలిన గడ్డ, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట, ఇవన్నీ వెంటనే పంపాల్సినవే.

అప్పుడు దగ్గర్లో ఉన్న ఒకరిద్దరు ఫిజియోలకో, సైకాలజిస్టులకో చిన్న ఉత్తరం రాయండి. ఏం చేస్తారో రెండు వాక్యాలు, ఏం చేయరో రెండు వాక్యాలు, ఆ ఫారం కాపీ. "మా దగ్గరికి వచ్చినవాళ్లలో మీకు చూపించాల్సినవాళ్లు ఉంటే పంపవచ్చా?" అని అడగండి. నాకు మనుషుల్ని పంపండి అని మాత్రం మొదటే అడగొద్దు. మీరు ఒకర్ని పంపాక, క్లయింట్ ఒప్పుకుంటే నాలుగు లైన్ల చీటీ కూడా వెంట పంపండి. ఇది నిదానంగా సాగే పని, కొందరు జవాబే ఇవ్వరు. కానీ ఒక్క ఫిజియో మిమ్మల్ని నమ్మితే ఏడాది పొడవునా ఆవిడ దగ్గర్నుంచి మనుషులు వస్తూనే ఉంటారు.

రీల్స్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రోజూ అక్కర్లేదు, వారానికొకటి, అదీ మీ నోట్‌బుక్‌లోని మాటల మీద. డబ్బు పెట్టి ప్రకటనలిస్తే "మీకు నిద్ర పట్టడం లేదా?" అని ఎదుటి మనిషి జబ్బును వేలెత్తి చూపేలా రాయకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అలాంటివాటిని తిప్పికొడతాయి. "నయం చేస్తాం" అనే మాట చాలా దేశాల్లో చట్టం దాకా లాక్కెళ్తుంది.

డిస్కౌంట్ ప్యాకేజీలు వద్దు. మీ ఫీజు ఎక్కువని రానివాళ్లు ఎవరూ మీ ఉత్తరంలో లేరు. కావాలంటే పదిహేను నిమిషాల ఫోన్ మాట ఉచితం అని పెట్టండి, అందులో మీకు కుదరని కేసులు కూడా తేలిపోతాయి. చుట్టాలకు ఉచితం ఇక చాలు. నిజంగా ఇవ్వలేనివాళ్ల కోసం వారంలో ఒక టైమ్ తక్కువ ఫీజుకు విడిగా ఉంచండి. సర్టిఫికెట్ సంగతీ అంతే, గోడ మీద ఇంకో ఫ్రేము చూసి ఎవరూ రారు. చదవాలని ఉంటే నిద్ర గురించి చదవండి, ప్రథమ చికిత్స నేర్చుకోండి.

ఇక ఉద్యోగం. వెళ్లండమ్మా. సొంతంగా ఈ పని చేసేవాళ్లలో పక్కన ఇంకో ఆదాయం ఉన్నవాళ్లు బోలెడంతమంది. నెలాఖరు ఖర్చు తరుముతుంటే వచ్చిన ప్రతి ఫోన్‌కూ "సరే" అనాలనిపిస్తుంది. జీతం వస్తుంటే కాదనడం సులువవుతుంది. ఓటమి మాట అంటారా, పైన చెప్పినవన్నీ ఫలించడానికి నెలలు పడుతుంది, ఆ నెలలు గడవాలి కదా. ఆఫీసులో మాత్రం ఎవరికీ పనిగట్టుకుని చెప్పకండి. అడిగితే ఆ రెండు వాక్యాలు చెప్పండి చాలు. రోజులు ఖరారు చేసుకునేటప్పుడు సాయంత్రాలు వదులుకోవద్దు. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు మీ దగ్గరికి సాయంత్రమే రాగలరు. వారంలో రెండు సాయంత్రాలు, ఒక సెలవురోజు ఉదయం ఇవీ నా వేళలు అని రాసిపెట్టి, ఆ ఇద్దరికీ ముందు చెప్పండి. వాళ్లకు నచ్చిన టైమ్ వాళ్లు తీసుకున్నాక మిగిలింది కొత్తవాళ్లకు.